భోజనం అయ్యాక అరగంట

భోజనం ముగిసింది. వదిన కంచాలు తీయకుండా కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. ఆడపడుచు కళ్లు మాత్రం బాత్‌రూమ్ తలుపు మీదే ఉన్నాయి.

"తిన్నదంతా కక్కెయ్యాలనిపిస్తోందా?" అంది వదిన.

"అనిపిస్తోంది వదినా."

"డాక్టరమ్మ అరగంట కదలొద్దంది కదా, కూర్చో. పక్కింటావిడ కొత్త సోఫా సంగతి చెప్తాను."

"నిన్న చెప్పావుగా!"

"నిన్న ప్లాస్టిక్ కవర్ తియ్యలేదు. ఇవాళ కూడా తియ్యలేదుట."

ఆమెకి నవ్వొచ్చింది. "అమ్మ అందరితోనూ నాకు గ్యాస్ అని చెప్తోంది."

"గ్యాస్ అయితే పరువుగా ఉంటుంది. నువ్వు చిక్కిపోతుంటే నాజూకు అని ఊరంతటికీ ఫొటోలు పంపింది మరి. మీ పిన్ని అదేం డైటో చెప్పమని నా ప్రాణం తీసింది."

"ఏం చెప్పావు?"

"ఆస్పత్రి అడ్రసిచ్చాను."

"అసలు నీకెలా తెలిసింది?"

"అన్నం తినగానే లోపలికెళ్లి కుళాయి తిప్పేదానివి. మీ అన్నయ్య నీళ్లు వృథా అని గోలపెట్టాడు. నేను తలుపు దగ్గర నిలబడి, నువ్వు కక్కుతుంటే విన్నాను."

"తిడతావనుకున్నాను వదినా."

"తిడితే తగ్గే జబ్బయితే మీ అమ్మే ఎప్పుడో నయం చేసేది."

"ఆ రోజు నువ్వు 'నేనిక్కడే ఉన్నాను తల్లీ' అన్నావు చూడు, అందుకే తలుపు తీశాను."

వదిన గోడ గడియారం చూసింది. "అరగంట ఎప్పుడో దాటిపోయింది."

"అవునా? నాకు గుర్తే రాలేదు."

"గుర్తు రాకూడదనే కదా ఇంతసేపు వాగింది! గొంతెండిపోయింది, కాసిని మంచినీళ్లియ్యి."

ఆమె లేచి, బాత్‌రూమ్ తలుపు దాటుకుని వంటింట్లోకి వెళ్లి, వదినకి నీళ్లు తెచ్చింది.