పదిహేడో మెట్టు దగ్గర ఊపిరి

ఏదీ, ఆ కాగితం మళ్లీ ఒకసారి చదువమ్మా ఒతిలియా, నిదానంగా చదువు. ఊఁ... "నబోర్ కింతానా, ఈ ఊరి బిడ్డ, సినిమాల్లో పాడిన మహా గాయకుడు, తన ఆఖరి పాట, అన్నిటికన్నా గొప్ప పాట, ఈ మెట్ల వీధిలో తల్లి కిటికీ కింద పాడాడు." బావుంది. బళ్లో సంగీతం టీచరువి, రాయవా మరి. రాతిమీద ఎప్పుడు చెక్కుతారన్నావ్, గురువారమా? అబ్బో, తొందరపడుతున్నారే. వాడి విగ్రహం నిన్న చూసొచ్చాలే. టోపీ బావుంది, సూటుమీద వెండి బొత్తాలు కూడా శిల్పి లెక్కగా పెట్టాడు, మీసమే కొంచెం ఎక్కువైంది. నోరు తెరిచి పెట్టాడు చూడు, అదే నాకు నచ్చలేదు. ఎందుకంటే ఏం చెప్పను, ముసలాడి చాదస్తం అనుకో. కాఫీ తాగు. దాల్చినచెక్క ఎక్కువైందా? మా ఆవిడ పోయాక నా చేతికి లెక్క తెలీడం లేదు తల్లీ, ఏమనుకోకు.

నబోర్ని ఎరిగినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలానని కదా నా దగ్గరికొచ్చావ్. ఎరగడమేంటి, ఇద్దరం ఒకే వీధి, ఒకే ఈడు. వాళ్లమ్మ దోన్యా కాస్తులా తమాలెలు అమ్మేది. తెల్లారకముందే మొక్కజొన్న పిండి రుబ్బి, డొప్పల్లో చుట్టి, ఆవిరిమీద ఉడికించి, గంగాళమంత గిన్నె వీడి నెత్తిన పెట్టి, ముందు ఆవిడ, వెనక వీడు, మెట్ల వీధి ఎక్కేవాళ్లు. మొత్తం ముప్ఫై రెండు మెట్లు. కేకలేసి అమ్మడం ఆవిడకి నామోషీ. అందుకని ఏం చేసేదంటే, ఆ రోజు ఏ పునీతుడి రోజో చూసుకుని, ఆ పేరున్నవాళ్లు వీధిలో ఎవరున్నారో చూసుకుని, వాళ్ల కిటికీకేసి వీడి చేత తెల్లవారుపాట పాడించేది. పేరు పండగ పూట తన కిటికీ కింద పాట వినిపిస్తే ఎవరు తలుపు తియ్యరు చెప్పు? తీశాక నాలుగు తమాలెలు కొనక ఏం చేస్తారు? మా అమ్మ అనేది, "ఈ కాస్తులా పునీతుల్ని కూడా బేరానికి పెట్టింది" అని. అంటూనే కొనేది, అది వేరే సంగతి.

ఇప్పుడు అసలు సంగతి విను, నువ్వు పాట తెలిసినదానివి. ఆ పాటలో మూడో చరణంలో ఒక పొడుగు వరస ఉందా, అందరూ గుక్క తిప్పుకోకుండా లాగేస్తారే, అదే. వీడు దాన్ని మధ్యలో ఆపేవాడు. ఎందుకంటే మొదటి మెట్టు దగ్గర అందుకుని, ఎక్కుతూ పాడేవాడు, సరిగ్గా అక్కడికొచ్చేసరికి పదిహేడో మెట్టు వచ్చేది. అక్కడ చిన్న అరుగుంది, ఇప్పుడూ ఉంది. గిన్నె దాని మీద దించి, గట్టిగా ఊపిరి పీల్చుకుని, మిగతా సగం అందుకునేవాడు. ఆరేడేళ్ల పిల్లాడు, నెత్తిన అంత బరువు, ఇంకేం చేస్తాడు? అలవాటైపోయింది. తర్వాత రాజధానికెళ్లాడు, మరియాచీ మేళంలో చేరాడు, సినిమాల్లోకొచ్చాడు, గుర్రమెక్కాడు, దేశంలో ఆడపిల్లలంతా వాడి ఫొటో దిండు కింద పెట్టుకున్నారు. ఆ ఊపిరి మాత్రం పోలేదు. ప్రతి సినిమాలోనూ ఏదో ఒకచోట ఆ పాట పెట్టేవాళ్లు. సంగీతం చేసే పెద్దాయన తిట్టేవాడట, "ఏంటయ్యా మధ్యలో, తుమ్మొచ్చినవాడిలా ఆగుతావ్?" అని. వీడు నవ్వి, "అది పాటలోనే ఉందండీ, మా ఊళ్లో అందరూ అలాగే పాడతారు" అనేవాడట. అబద్ధం. వాడొక్కడే అలా పాడేది.

నేనా? నేను ఇక్కడి సినిమా హాల్లో ఆపరేటర్ని. ముప్ఫై ఎనిమిదేళ్లు ఆ పెట్టెలాంటి గదిలోనే. వాడి సినిమా వస్తే ముసలామె ఇంటినుంచి కుర్చీ తెచ్చుకుని మొదటి వరస ముందు వేసుకునేది. బెంచీమీద కూర్చోదు. తెరమీద కొడుకుతో మాట్లాడేది కూడా, "చిక్కిపోయావురా, ఆ గుర్రం దిగు, పడతావ్" అని. హాలంతా నవ్వేది. నేను నా కంతలోంచి చూసేవాణ్ణి. ఆ పాట వచ్చి, ఆ చోటు రాగానే, అక్కడ వాడు ఊపిరి పీల్చుకుంటే ఇక్కడ ఈవిడ భుజాలు కూడా లేచేవి. ఇద్దరూ కలిసి ఇంకా ఆ మెట్లెక్కుతున్నట్టే. నేనా, రోజుకి మూడాటలు వింటాను కదా, వాడి పాటలన్నీ వచ్చేశాయి. మిషను రొదలో ఎవరికి వినపడుతుందని గొంతెత్తి పాడుకునేవాణ్ణి. బాగానే పాడేవాణ్ణమ్మా. అది గొప్పకి చెప్పడం లేదు. గొప్పకే చెప్తున్నాననుకో, దాని సంగతే చెప్పబోతున్నా.

ఏడాదిలో ఎక్కడున్నా మార్చి ఇరవై ఆరున వాడు ఊళ్లో ఉండాల్సిందే. పునీత కాస్తులో రోజు, తల్లి పేరు పండగ. మేళాన్ని వెంటబెట్టుకొచ్చి తెల్లారగట్ల ఆవిడ కిటికీ కింద పాడేవాడు. పాట అవగానే ఆవిడ లోపల దీపం వెలిగించేది. దీపం వెలిగిందంటే పాట అందిందని, లోపలికి రమ్మని. ఇరవై రెండేళ్లు ఒక్కసారి తప్పలేదు. ఇరవైమూడో ఏడు, ముందురోజు మధ్యాహ్నం, మొదటాట రీలు ఎక్కిస్తున్నాను, తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు. నబోరే. మనిషి సగమైపోయాడు. "ఒరేయ్, ఎప్పుడొచ్చావ్రా?" అన్నాను. మాట్లాడలేదు. మెడకి చుట్టుకున్న ఎర్ర రుమాలు విప్పి చూపించాడు. గొంతులో గడ్డొస్తే కోసేశారటమ్మా. కోతతో పాటే గొంతూ పోయింది. పేపర్లలో మాత్రం విశ్రాంతి తీసుకుంటున్నాడని రాయించారు. జేబులోంచి పెన్సిలు తీసి నా రీళ్ల చిట్టా వెనక రాశాడు. "అమ్మకి ఎనభై. గుండె బాలేదు. నేను బావున్నానని అనుకుంటూనే ఆవిడ పోవాలి. రేపు నువ్వు మేళం వెనక నిలబడి పాడు. నేను ముందు నిలబడి నోరు కదుపుతాను." నేను వద్దన్నాను. మళ్లీ రాశాడు, "ఇరవై ఏళ్లుగా షూటింగుల్లో నా రికార్డుకి నేను నోరు కదపడమేగా నా పని. ఇంకొక్క రోజు నీ పాటకి కదుపుతాను." ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. చూపిస్తాలే. లేదు, చూపించను.

పాడాను. చలిగా ఉంది, ఫిడేళ్లవాళ్ల వెనక గోడ వారన నిలబడ్డాను. వాడు కిటికీ ముందు, టోపీ చేత్తో పట్టుకుని. మొదటి చరణం అయ్యేసరికి వీధిలో కిటికీలన్నీ తెరుచుకున్నాయి. ఎవరో ఆడమనిషి, "అమ్మో, ఈ ఏడు ఎంత బాగా పాడుతున్నాడే" అంది. అది నా చెవిన పడింది తల్లీ. జన్మలో ఎవరూ నా పాట బావుందనలేదు, విన్నదెవరు గనక? గుండె ఉప్పొంగిపోయింది. మూడో చరణం వచ్చింది. ఆ వరస అందుకున్నాను, ఒకే గుక్కలో ఆ చివరిదాకా లాగేశాను, నిండుగా, ఎక్కడా తొణక్కుండా. అలా ఎన్నడూ పాడలేదు, మళ్లీ పాడలేదు. చివరికొచ్చాక చూశాను, నబోరు భుజాలు పైకి లేచి ఉన్నాయి. నోరు మూసి ఉంది. వాడు తన అరుగు దగ్గర ఆగాడు, నేను దాటిపోయాను. వీధిలో ఒక్కళ్లూ కనిపెట్టలేదు. చప్పట్లు కొట్టారు.

దీపం వెలగలేదు. మేళంవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. వాడు కిటికీకేసి చూస్తూ అలాగే నిలబడ్డాడు. ఎంతసేపో నాకు తెలీదు, వీధిలో కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్నాయి, తెల్లగా తెల్లారిపోయింది. అప్పుడు కిటికీ కాదు, తలుపు తెరుచుకుంది. ముసలామె శాలువా కప్పుకుని బయటికొచ్చి, తిన్నగా కొడుకు దగ్గరికెళ్లి, రుమాలు పక్కకి జరిపి చూసింది. "ఎన్నాళ్లయిందిరా?" అంది. వాడు వేళ్లు చూపించాడు, అయిదు. అయిదు నెలలు. ఆవిడ ఆ రుమాలు మళ్లీ సరిగ్గా కట్టింది, బడికెళ్లే పిల్లాడికి కట్టినట్టు. తర్వాత నాకేసి తిరిగి, "బాగా పాడావు ప్లాసిదో. రండి లోపలికి, తమాలెలు చల్లారిపోతాయి" అంది. అంతే. ఆ మాటలో కోపముంటే బతికిపోయేవాణ్ణి.  నబోరు వెళ్తూ నా భుజమ్మీద చెయ్యేశాడు. ఆగస్టులో పోయాడు. గుండె బాలేని ఆవిడ వాడి తర్వాత ఆరేళ్లు బతికింది. మేళంవాళ్లు ముగ్గురూ నేనూ ఒట్టేసుకున్నాం, ఈ సంగతి నోరు దాటకూడదని. మిగతా ముగ్గురూ మాట నిలబెట్టుకుని పోయారు.

వాణ్ణి పూడ్చిన రోజు సమాధి దగ్గర ఆవిడ నన్ను పిలిచింది. రాజధాని నుంచి పెద్ద పెద్ద గాయకులొచ్చారు, వాళ్లెవర్నీ కాదు. "ప్లాసిదో, తెల్లవారుపాట పాడు. ఈసారి అక్కడ ఆగు నాయనా" అంది. పాడాను. ఆగాను. ఊపిరి పీల్చుకున్నాను. ఇక అందుకోలేకపోయానమ్మా.   మిగతా సగం ఆవిడే పాడింది. ఆ ముసలి గొంతుతో, నిలబడి, చివరిదాకా.

కాబట్టి నువ్వు రాసింది... వద్దులే, ఏం మార్చకు. చెక్కనీ. ఏంటి, గురువారం నేను పాడాలా? పిచ్చిపిల్లా, నా వల్ల ఎక్కడవుతుంది? ఆ సగం దాకా వస్తుంది నాకు. తర్వాతది నాది కాదు... అలా చూడకు. ఆ కాఫీ చల్లారిపోయింది, ఇలా ఇవ్వు, వేడి చేసుకొస్తాను.