దొంగ మెడలో ఉన్నాడు

పళ్ళ డాక్టరైన మేనకోడలు రక్తపరీక్ష కాగితం ఊపుకుంటూ ఆసుపత్రి గదిలోకి పరుగున వచ్చింది. దవడలో గడ్డ లేచి, మర్నాడు దవడ కోయించుకోవాల్సిన మేనమామ మంచం మీంచి తలెత్తి చూశాడు.

“మావయ్యా, దవడ కొయ్యక్కర్లేదు!”

“మరి గడ్డో?”

“మెడలో బఠాణీ గింజంత గ్రంథి చెడి, నీ ఎముకల్లో కాల్షియమంతా రక్తంలోకి తోడేస్తోంది. ఆ గడ్డ దాని పుణ్యమే!”

“అంటే దొంగ మెడలో, దెబ్బలు దవడకా?”

“అంతే! దొంగని తీసేస్తే దవడ దానంతటదే గట్టిపడుతుంది. ఇది చాలా అరుదు. ఒళ్ళునొప్పులని నిన్న నువ్వు మూలుగుతుంటే అనుమానమొచ్చింది. నొప్పులూ, నీరసమూ అన్నీ దానివల్లే.”

మేనమామ లేచి కూర్చున్నాడు.

“ముందు మీ అత్తయ్యకి ఫోన్ కలుపు.”

“దవడ దక్కిందని చెప్పనా?”

“అది తర్వాత. ఇన్నేళ్ళూ తను తిట్టిపోసింది నా బద్ధకాన్ని కాదు, రోగాన్నని చెప్పు!”