ముందే పెట్టిన గుర్తు

తెనాలి బట్టల కొట్టులో కొత్తగా కొన్న కంప్యూటర్ ముందు షావుకారు నిలబడ్డాడు. ఖాతాదారుల అడ్రసులు ఎక్కించే అమ్మాయి కుర్చీలోంచి లేచింది.

"ఇందాక నగరం ఊరి నుంచి ఓ ఇంటివాళ్లొచ్చారు, చూశావా?"

"చూశానండి. దినానికి బట్టలు తీసుకెళ్లారు."

"వాళ్ల పెద్దాయన మొన్న పోయాడట. మరి కంప్యూటర్లో వాళ్లింటి పేరు పక్కన 'దినం' అని పోయిన నెలలోనే ఎలా ఎక్కింది?"

"నేనే పెట్టానండి."

"మనిషి లక్షణంగా తిరుగుతుండగానా?"

"మీరే అన్నారు కదండి. పెళ్లయినా, బారసాలయినా, దినమైనా గుర్తు ముందే పెట్టెయ్, పక్క కొట్టు వాడికంటే ముందు మన కొట్టు కార్డు వాళ్లింటికి వెళ్లాలని."

"పెళ్లి ముందు తెలుస్తుంది. చావెలా తెలుస్తుందే?"

"అడ్రసు ఎక్కిస్తుంటే తెలుస్తుందండి. ఆ ఇంటిపేరు దగ్గరికొచ్చేసరికి నా వేళ్లు చల్లబడిపోతాయి."

షావుకారు నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

"అలాంటి గుర్తులన్నీ తీసెయ్. ఇప్పుడే తీసెయ్."

"రేపల్లె వాళ్లది ఒకసారి తీసి చూశానండి. అయినా వచ్చారు, దినం బట్టలకి."

ఆ అమ్మాయి చేతులు రెండూ ఓణీ కొంగులో చుట్టుకుంది.

"ఏంటలా చూస్తున్నావ్?"

"పొద్దున మీ ఇంటి నుంచి అమ్మగారు చీరలకొచ్చారండి. పండక్కి కార్డు మాకూ రావాలి, మా అడ్రసు కూడా ఎక్కించమ్మా అన్నారు."

షావుకారు కంప్యూటర్ తెర మీదికి వంగాడు.

"ఎక్కించావా?"

"ఎక్కించానండి."

"గుర్తు... ఎవరికి పెట్టావే?"

"గుర్తు ఇంటికే పెడతాం కదండి, మనిషికి కాదుగా. మీ ఇంట్లో ఎంతమంది ఉంటారు సార్?"