నీటి వేళలు

(కొండ మీద ట్రాన్స్‌మిటర్ గదిలో ఇంజనీరు. ఊళ్ళో రేడియో స్టూడియోలో అతని చెల్లెలు, అనౌన్సర్. ఇద్దరి మధ్యా టెలిఫోన్. మధ్యాహ్నం మూడు దాటి ఐదు నిమిషాలు.)

"అది కాదన్నయ్యా, వస్తుందా రాదా? ఒక్క మాట చెప్పు."

"చెప్తే ఏం చేస్తావ్?"

"ఏదో ఒకటి చేస్తా."

"ఏం చేస్తావ్, ఇక్కడికొచ్చి ఊదుతావా? మాడిపోయింది పిచ్చుకా. ఒంటిగంటకి పడ్డ పిడుగుకి ట్రాన్స్‌మిటర్ లోపలంతా మాడి మసైపోయింది. తలుపు తీస్తే ఇంకా కమురు కంపు కొడుతోంది."

"చిన్నది ఉందిగా. స్పేరుది."

"ఉంది, పేరుకి ఉంది. రెండేళ్ళుగా పెద్దదాంట్లో ఏది పోతే అది దీన్లోంచే పీకి పెడుతున్నా. ఇప్పుడు డొప్ప మిగిలింది."

"మేనేజర్ గారికి చెప్పలేదా?"

"ఎనిమిది ఉత్తరాలు రాశా. ఎనిమిదింటికీ 'పరిశీలిస్తున్నాం' అని జవాబిచ్చాడు. ఇప్పుడు రమ్మను, వచ్చి తీరిగ్గా పరిశీలించుకోమను."

"ఆయన మీటింగులో ఉన్నారట. ఫోన్ ఎత్తట్లేదు. అన్నయ్యా, నీకొకటి చెప్పాలి."

"చెప్పు."

"గేట్లెత్తేశారు."

"ఏం గేట్లు?"

"డ్యామ్ గేట్లు."

"ఐదింటికి గదా ఎత్తేది?"

"రోజూ ఐదింటికే. ఇవాళ పైన వాన ఎక్కువైందట. మూడింటికే వదుల్తున్నాం, నీటి వేళల ప్రకటనలో చదివెయ్యమ్మా అని రెండున్నరకి ఫోన్ చేశారు. ఎక్కడ చదవను? ఎవరికి చదవను?"

"రేడియో పోయిందని చెప్పలేదా? ఒక గంట ఆగమనలేదా?"

"ఒకటికి పదిసార్లు చెప్పా, బతిమాలా. నీళ్ళు అంచుదాకా వచ్చేశాయమ్మా, ఇంకా ఆపితే డ్యామే పోతుంది, అప్పుడు ఊరే ఉండదు అన్నాడు."

"మూడింటికి ఎత్తారా?"

"మూడింటికే."

"మరి బావ..."

"డ్యామ్ కింద క్వారీలోనే. ఇంకెక్కడుంటారు? ఇరవై ఎనిమిది మందీ పొద్దున్నే దిగారు. నాలుగున్నరదాకా రాళ్ళు కొడుతూనే ఉంటారుగా."

"నీళ్ళు క్వారీదాకా రావడానికి ముప్పావుగంట పడుతుంది."

"అందులో ఐదు నిమిషాలు అయిపోయాయి."

"ఇదంతా ముందే చెప్పొచ్చుగా నాకు?"

"రెండున్నర నుంచీ రింగ్ చేస్తూనే ఉన్నా. నువ్వెత్తితేగా?"

"వెనక గదిలో ఉన్నా. జనరేటర్ దగ్గర. సర్లే. ఎవర్నైనా పంపావా?"

"వాచ్‌మన్‌ని స్కూటర్ మీద పంపా. ఊరి బయట గాలికి పెద్ద చెట్టు రోడ్డుకడ్డంగా పడిందట. స్కూటర్ వదిలేసి పరిగెత్తాడట, కొంత దూరం పోయాక కాళ్ళు పడిపోయాయట. యాభై ఎనిమిదేళ్ళ మనిషి అన్నయ్యా. తిరిగొచ్చి గేటు దగ్గర కూలబడి ఏడుస్తున్నాడు. నేనేమో ఆయన్ని ఓదార్చాను."

"పోలీసులు?"

"వాళ్ళూ ఆ చెట్టు దగ్గరే ఉన్నారట. రంపం కోసం చూస్తున్నారట."

"ఫోన్..."

"ఆ లోయలో ఫోన్ ఎప్పుడు కలిసింది? రెండు వైపులా రాతిగోడలేగా. అందుకేగా మనల్ని నమ్ముకుంది. ఉన్న సైరన్ పాడైతే, బాగుచేయించడం ఎందుకు, రేడియో ఉందిగా అన్నారు. అంత మంది మధ్యా ఒక రేడియో పెట్టి చేతులు దులుపుకున్నారు."

"ఊఁ."

"నువ్వు అక్కణ్ణుంచి ఏదైనా ఊపితే కనపడదా? దుప్పటో, ఎర్ర గుడ్డో?"

"మబ్బు దిగింది పిచ్చుకా. నా చెయ్యి నాకే కనపట్టం లేదు."

"అరిస్తే?"

"నాలుగు కిలోమీటర్లు. పైగా వాళ్ళేమన్నా తీరిగ్గా కూర్చుని ఉన్నారా, సుత్తుల మోతలో ఉన్నారు."

"మంట పెడితే?"

"మబ్బు అంటే వినవే."

"అయితే ఏం లేదంటావు."

"ఏం లేదు."

"ఏం లేదని అంత తేలిగ్గా ఎలా అంటావు? మీ బావే గదా ఆయన. నీ చెల్లెలి మొగుడే గదా."

"తేలిగ్గా అన్నట్టుందా నీకు? ఇరవై రెండేళ్ళుగా ఈ యంత్రం నోట్లో చెయ్యిపెట్టి బతుకుతున్నాను. ఇవాళ దాని ముందు నేల మీద కూర్చున్నాను. కాళ్ళు జాపుకుని కూర్చున్నాను. లేవబుద్ధి కావట్లేదు."

"లే."

"లేచి?"

"లే ముందు. లేచి ఆ చిన్నదాంట్లో ఏం తక్కువో చెప్పు."

"అన్నీ తక్కువే."

"అన్నీ అంటే కాదు. ఒక్కొక్కటీ చెప్పు. పొద్దున్న వార్తలు చదివినట్టు చెప్పు."

"ఫ్యూజులు లేవు. తీగ ముక్కతో కట్టొచ్చు. ఫ్యాను లేదు. కాసేపైతే ఫ్యాను లేకపోయినా నడుస్తుంది. పెద్ద ట్యూబు లేదు. అది లేకపోతే ఏదీ లేనట్టే."

"పెద్దదాంట్లో ట్యూబులు లేవా?"

"నాలుగుండాలి. మాడిపోయాయి."

"నాలుగూనా?"

"మూడు పగిలాయి."

"నాలుగోది?"

"మసి పట్టి ఉంది. చూళ్ళేదు. పోయే ఉంటుంది."

"చూసి చెప్పు."

"పోయే ఉంటుందిలే."

"పోయిందో లేదో చూడమంటుంటే."

"ఫోన్ పెట్టకు. అక్కడే ఉండు."

"ఉంటాను. ఎక్కడికి పోతాను? టైము మూడూ పన్నెండు. అన్నయ్యా, వినపడుతోందా? వినపడకపోయినా నేను మాట్లాడుతూనే ఉంటా. ఆగితే భయమేస్తోంది. పొద్దున ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. చొక్కా గుండీ ఊడిందని చూపిస్తే, సూదీ దారం అక్కడే ఉన్నాయి, నీకు చేతులు లేవా అన్నా. గుండీ లేకుండానే పోయారు. సర్లే అది. నేను ఒకసారి చదువుకుంటా, తడబడకుండా. నీటి వేళలు. క్వారీలో పనిచేస్తున్న వారికి అత్యవసర సూచన. డ్యామ్ గేట్లు మూడు గంటలకే... గేట్లు మూడు గంటలకే ఎత్తారు. ఉన్నవాళ్ళు ఉన్నట్టుగా గట్టెక్కండి. పనిముట్లు వదిలేయండి. మళ్ళీ చెబుతున్నాను. పద్నాలుగైంది అన్నయ్యా. అన్నయ్యా? పదహారు. గుండీ కుట్టి ఉండాల్సింది. రెండు నిమిషాల పని."

"పిచ్చుకా."

"ఆఁ, ఉన్నా ఉన్నా."

"నీ బల్ల మీద రేడియో ఉందా?"

"ఉంది. పొద్దుటి నుంచి అక్కడే. బుస్సుమంటోంది."

"ఇప్పుడో?"

"బుస్సుమంటూనే... ఆగు. ఆగింది. అన్నయ్యా, పాట. పాటొస్తోంది."

"వస్తుంది."

"నిజంగా వస్తోంది."

"వస్తుందే తల్లీ. ఆ నాలుగోది మసి కిందే బతికుంది. చెయ్యి కాలిందిలే కొంచెం, అది తర్వాత చూసుకుందాం."

"నేను మైకు దగ్గరికి పోతున్నా."

"పోయినా లాభం లేదు. నీ మైకు నుంచి ఇక్కడికొచ్చే లైను కూడా పిడుగుకే పోయింది. ఈ పాట నీ దగ్గర్నుంచి కాదు. స్టూడియో నుంచి ఏమీ రాకపోతే వాటంతటవే పాటలు మోగేలా ఇక్కడొక పెట్టె ఉంది. కరెంటు తగలగానే అది మొదలైంది."

"పాటలు కాదన్నయ్యా కావాల్సింది. మాట వెళ్ళాలి. అక్కడ మైకు లేదా?"

"కొండ మీద మైకెందుకని ఇవ్వలేదు. నువ్వు కంగారుపడకు. ఈ టెలిఫోన్ తీగ విప్పి ట్రాన్స్‌మిటర్‌కి కలుపుతా. నువ్విలాగే ఫోన్లో మాట్లాడు, తిన్నగా గాల్లోకి పోతుంది."

"ఎంతసేపు?"

"పాట ఆపేసి చేస్తే రెండు నిమిషాలు. పాట పోతుండగా చెయ్యాలంటే, కరెంటుంది గదా, ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యాలి. ఇరవై నిమిషాలు."

"ఆపెయ్ మరి."

"ఆపితే ఇది మళ్ళీ లేస్తుందని నమ్మకం లేదు. ఒక్కసారి లేచింది, అదే ఎక్కువ."

"అయితే వద్దు. ఆపకు."

"ఆలోచించి చెప్పు. నువ్వేదంటే అది చేస్తా."

"ఆపకన్నయ్యా. పాట పోనీ. రెండు గంటలు మూగగా ఉన్న రేడియో పలికిందంటే అందరూ దాని చుట్టూ చేరతారు. ఆయనైతే సౌండు పెంచుతారు కూడా, నా గొంతొస్తుందేమోనని. అప్పుడు ఒక్క మాట చెప్తే చాలు."

"సరే. టైమెంత?"

"మూడూ పంతొమ్మిది."

"నీళ్ళు రావడానికి ఇంకా ఇరవై ఐదు నిమిషాలుంది. సరిపోతుంది. నీ రేడియో బాగా తగ్గించెయ్, లేకపోతే ఫోన్లో కూత పెడుతుంది. ఇక నన్ను పలకరించకు, చెయ్యి వణికిందంటే నేనూ పోతా, ఇదీ పోతుంది."

"పలకరించను."

"..."

"..."

"అమ్మాయ్."

"అత్తయ్యా? మీరొచ్చారేంటి, ఈ వానలో?"

"వాన తగ్గిందిలే. పొద్దుటి నుంచి ఏమీ తినలేదటగా నువ్వు?"

"తిన్నానత్తయ్యా. మీరు ఇంటికెళ్ళండి. నేను వచ్చేస్తా."

"కళ్ళేంటి అలా వాచాయి?"

"ఏం లేదు. జలుబు."

"జలుబు. నా దగ్గరా నీ అనౌన్సర్ వేషాలు? వాచ్‌మన్ అంతా చెప్పాడు. గేట్లు ముందే ఎత్తారటగా."

"అత్తయ్యా, అది... అన్నయ్య చూస్తున్నాడు. ఐపోతుంది. మూడూ ముప్పై ఎనిమిదే, ఇంకా టైముంది. మీరు కంగారుపడకండి."

"నేనెక్కడ కంగారుపడుతున్నానే? నువ్వూ, వాచ్‌మనూ కలిసి ఊరంతా వినపడేలా ఏడుస్తుంటే, కాస్త ఊరుకోబెడదామని వచ్చా. వాళ్ళకేం కాదు. వాడు గట్టెక్కి రెండు గంటలై ఉంటుంది."

"ఎవరు?"

"నీ మొగుడే. ఇంకెవరు? వాడూ, మిగతా వాళ్ళూ."

"మీకెలా తెలుసు? ఎవరైనా వచ్చి చెప్పారా?"

"ఎవరూ రాలేదు. తెలుసు, అంతే."

"అంతే అంటే కాదత్తయ్యా. చెప్పండి."

"చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు."

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టండి. చెప్పండి నాకు."

"నువ్వేమీ అనుకోనంటేనే."

"అనుకోను."

"పోయినేడాది మీ రేడియో ఇలాగే ఆగిపోయి, చెప్పేవాళ్ళు లేక, నీళ్ళొచ్చి ఒకతని కాలు విరిగిందా? నా వల్లే, నా వల్లే అని రెండ్రోజులు అన్నం ముట్టలేదు నువ్వు. అప్పుడు పెట్టాడు వాడు క్వారీలో ఈ రూలు. రేడియో మూగబోయిందా, సుత్తి ఎక్కడిదక్కడ పడేసి గట్టెక్కాల్సిందే. ఎందుకూ ఏమిటీ అని అడక్కూడదు. మేస్త్రీ అయినా సరే, కూలీ అయినా సరే. ఒంటిగంటకి మీది మూగబోయింది గదా. అప్పుడే ఎక్కేసి ఉంటారు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నా రేడియో మీద ఆపాటి నమ్మకం లేదా అని నువ్వు చిన్నబుచ్చుకుంటావని. దానికి తెలిస్తే మళ్ళీ అన్నం మానేస్తుందే అమ్మా, నీ కడుపులోనే పెట్టుకో అన్నాడు. పెట్టుకున్నా."

"అన్నయ్యా, విన్నావా?"

"విన్నా."

"అంతా విన్నావా?"

"విన్నానే. తీగ వదిలేసి వింటున్నా. బావ ఇంటికి రానీ, ఎత్తుకుని తిప్పుతా."

"ఎత్తలేవులే. బరువు."

"నవ్వుతున్నావా ఏడుస్తున్నావా?"

"తెలీట్లేదు. ఒంటిగంటకే ఎక్కేశారట. మనం ఇక్కడ ఇంత చచ్చిపోతున్నాం, వాళ్ళేమో ఒంటిగంటకే ఎక్కేశారు."

"పిడుగు పడటమే మంచిదైందన్నమాట. మేనేజర్‌కి తొమ్మిదో ఉత్తరం ఇదే రాస్తా. టైమెంత?"

"మూడూ నలభై రెండు."

"ఈపాటికి నీళ్ళొచ్చేస్తుంటాయి. రానీ. ఖాళీ గోతిలోకి రానీ."

"అత్తయ్యా, ఇలా కూర్చోండి. నేనూ కూర్చుంటా. ఇంటికి రానివ్వండి ఆయన్ని, నా దగ్గర దాస్తారా, చెప్తా. పొద్దున గుండీ గురించి ఒక మాట తూలాను, దానికి సారీ చెప్పి తర్వాత దెబ్బలాడతా."

"ఏదో ఒకటి చెయ్యి, ముందు ఇంత తిను."

"తింటా. పాపం వాళ్ళూ తిన్నారో లేదో. అంతసేపు గట్టు మీద ఏం చేస్తుంటారు అందరూ?"

"ఏం చేస్తారు? రేడియో మధ్యలో పెట్టుకుని, పని పాడైందని సణుక్కుంటూ కూర్చుంటారు. అందులో పాట వినపడిందంటే చాలు, మళ్ళీ అందరూ దిగిపోవచ్చు. అదీ వాడు పెట్టిన రూలే."