రంగు అంటని పళ్ళు

హుబ్బళ్ళి దంత కళాశాలలో, త్రిఫల పుక్కిలింత మందు మీద థీసిస్ రాస్తున్న కుర్ర డాక్టరు తుంగవ్వ పళ్ళకు ఎర్రరంగు పూశాడు. పాచి ఉన్నచోట మాత్రమే అంటుకునే ఆ రంగు ఒక్క పంటికీ అంటలేదు.

"చూశావా అవ్వా! నాలుగు రోజులు తోమకపోయినా, నా మందుకే ఎలా మెరుస్తున్నాయో!"

"మెరవక ఏం చేస్తాయి? పొద్దున్నే వేపపుల్లతో అరగంట తోమాను."

"తోమావా? వద్దన్నాను కదా!"

"మూడు రోజులు నీ మాట విన్నాను నాయనా. పాచిమొహంతో వచ్చి డాక్టరు ముందు నోరు తెరుస్తానా?"

"ఆ పాచి చూడ్డానికే కదా రమ్మన్నాను!" డాక్టరు తల పట్టుకున్నాడు. అంతలోనే తేరుకున్నాడు. "పోనీలే. బయట నా మందే పుక్కిలిస్తున్న మీ వీధివాళ్ళు పదిమంది ఉన్నారుగా. నా మందు సత్తా వాళ్ళ నోళ్ళలో తేలుస్తాను."

"బెంగపడకు. అందరిచేతా దగ్గరుండి తోమించే తీసుకొచ్చాను."