మూడు దెబ్బలకు జవాబు

సామోస్ దీవి. ఊట నీళ్ళు ఊళ్ళోకి రావాలని కొండను రెండు వైపుల నుంచీ తొలుస్తున్నారు. ఊట వైపు మేస్త్రీ డెమిస్. ఊరి వైపు మేస్త్రీ అతని అన్న థెయోక్లెస్. అన్న దగ్గర ముసలి కూలీ మిక్కోస్.

“సుత్తి ఆపండి మేస్త్రీ. దెబ్బలు కొట్టే వేళయింది.”

“అయితే అవనీ. నువ్వు ఉలి పట్టుకో.”

“నలభై రోజులైంది మనం ఆపక. వాళ్ళు మూడు దెబ్బలు కొట్టాలి, మనం మూడు కొట్టాలి, చప్పుడును బట్టి ఇద్దరూ దారి సర్దుకోవాలి. కొండ కొలిచి దారి గీసిన కొలతలాయన పెట్టిన కట్టుబాటు కదా.”

“ఆయనడిగితే వినపడలేదని చెప్తా.”

“ఆపితే కదా వినపడేది. పాపం మీ తమ్ముడు...”

“పాపమా? నిన్న మా అమ్మ అత్తిపళ్ళు రెండు మూటలు కట్టింది. పెద్ద మూట వాడికి. ఎందుకే అంటే, వాడి వైపు రాయి గట్టిదట. నా వైపు ఏం, వెన్నముద్దా?”

“కొంచెం మెత్తదే మేస్త్రీ.”

“నోరుముయ్.”

“అత్తిపళ్ళ కోసమా ఇదంతా?”

“ఎనిమిదేళ్ళు ఈ దుమ్ము మింగింది నేను. వాడు మొన్న, మూడేళ్ళ కింద వచ్చాడు. వచ్చీ రాగానే అందరి నోటా డెమిస్ చెయ్యి, డెమిస్ చూపు. నా పెళ్ళాం కూడా అదే మాట. ఎవరి ఉలి ముందు అవతలికి దూరితే వాళ్ళ పేరే కదా గోడ మీద ఎర్రగా రాసేది? వాడి పేరు చదువుకుంటూ నేను నీళ్ళు తాగాలా?”

“మీకు చదవడం రాదు కదా.”

“నా కొడుకు చదువుతాడు. గట్టిగా.”

“సరే. మరి మనం కొట్టకపోతే ఏమవుతుంది?”

“వాడికి దారి తెలీదు. పక్కకి పోతాడు. ఊరంతా వచ్చి చూస్తుంది, డెమిస్ తవ్విన వంకర బొరియ. అప్పుడు నేను తిన్నగా వెళ్ళి కలుపుతా.”

“మనకి మాత్రం దారి ఎలా తెలుస్తుంది?”

“తిన్నగా తాడు కట్టి దాని వెంటే తవ్వుతున్నాంగా. తాడు అబద్ధం చెప్తుందా?”

“తాడు సంగతి నాకు తెలీదు. ఊళ్ళో ఆడవాళ్ళు కుండలు పట్టుకుని కొండ చుట్టూ తిరుగుతున్నారు, నా కోడలు నెలలు నిండి కూడా. అది తెలుసు. ఒక్కసారి ఆపండి. జవాబు కొట్టొద్దు. వినండి, అంతే.”

“వింటే నోరు మూస్తావా?”

“మూస్తా.”

“సరే, ఆపాను. ఆ రాయికి చెవి ఆనించు. ఏమైనా ఉందా?”

“లేదు.”

“బాగా విను.”

“ఏం లేదు మేస్త్రీ. నెలన్నర కింద ఎంత దగ్గరగా వినపడేది.”

“చూశావా? చూశావా? పోయాడు. ఎటో కొట్టుకుపోయాడు. అమ్మతో చెప్పాలి. లేదు, నేను చెప్పను, ఆవిడే వచ్చి చూసుకోనీ. డెమిస్ చెయ్యి, డెమిస్ చూపు... ఏంటి, ఎక్కడికి పోతున్నావ్?”

“ఉష్. కొడుతున్నారు. ఒకటి, రెండు, మూడు.”

“ఎక్కడ? ఎదర ఏం లేదన్నావ్ కదా.”

“ఎదర కాదు మేస్త్రీ. మన వెనక. పోయిన నెల మనం తవ్వుకుంటూ దాటొచ్చేసిన చోట, పక్క గోడలోంచి.”