లీరోయ్ మేపిన చలికోళ్ళు

టెక్సాస్‌లో ఆగస్టు ఎండంటే ఆషామాషీ కాదు, బల్లి కూడా నీడ చూసుకునే అడుగేస్తుంది. అలాంటి మధ్యాహ్నం ఎమిల్ హ్రుస్కా దాణా కొట్టు వసారాలో, ఫ్యాను కింద కుర్చీ లాక్కుని కూర్చున్న లీరోయ్ మారెక్ మాత్రం మహా హుషారుగా ఉన్నాడు. పక్క పొలం వయోలా కుబేనా మోకాలి ఆపరేషన్‌కి వచ్చే వారం హ్యూస్టన్ వెళ్తోంది. మొగుడు పోయాక ఆవిడకి తన కోళ్ళే లోకం. తను లేనన్నాళ్ళూ వాటికి మేతా నీళ్ళూ చూసే మనిషి కావాలని కొట్టుకి వచ్చింది. ఆ పని తనకి దక్కితే, తిరిగొచ్చాక ఆవిడ వసారాలో రోజూ కాఫీ కూడా దక్కుతుందని ఈ ముదురు బ్రహ్మచారి ఆశ.

“ఎదురుగా నేనుండగా మనిషి కోసం వెతకడమేంటండీ వయోలా గారూ!” అన్నాడు కుర్చీ ముందుకి జరుపుకుని. “పోయిన వేసవిలో ఎన్ని కోళ్ళు వడదెబ్బకి రాలిపోయాయో మీకు తెలుసుగా. నా డజనూ గుండ్రాళ్ళలా ఉన్నాయి. ఒక్కటి పోతే ఒట్టు!”

“ఏం పెట్టావేంటి?” అంది వయోలా, చర్చిలో ఇచ్చిన అట్ట విసనకర్ర ఊపుకుంటూ.

“పుచ్చకాయ! ఏదో మామూలు పుచ్చకాయ అనుకునేరు. రాత్రి ఫ్రీజర్లో పడేసి, రాయిలా గడ్డకట్టాక, పొద్దున్నే గొడ్డలితో నరికి పెట్టాను. తిన్నాయా, ఆ తర్వాత ఏమైందో తెలుసా? లోపల్నుంచి చలవ చేసింది. ఎంత చలవంటే, పెట్టిన గుడ్డు పెట్టినట్టే చల్లగా! ఒకటి చొక్కా జేబులో వేసుకుని ట్రాక్టరెక్కానంటే, సాయంత్రం దాకా చెమట చుక్క పడితే అడగండి.”

“చెమట పట్టాలంటే పని చెయ్యాలి కదరా,” అన్నాడు బస్తాలు సర్దుతున్న ఎమిల్.

“నువ్వాగు. అసలు కథ ముందుంది. ఓ ఆదివారం చర్చిలో ఏసీ చెడిపోయింది, గుర్తుందా? పాపం ఫాదర్ గారు నిలువునా తడిసిపోతున్నారు. చూస్తూ ఊరుకుంటానా? నాలుగు కోళ్ళని గోనెసంచిలో తెచ్చి, చడీచప్పుడూ లేకుండా బల్లల కింద వదిలాను. అంతే! ప్రసంగం సగానికొచ్చేసరికి జనం గజగజా వణికిపోయారు. ముసలమ్మలు ఒకళ్ళ శాలువా ఒకళ్ళు లాక్కున్నారు!”

“ఆ ఆదివారం నేనూ ఉన్నాను. చెమటలు కక్కుకున్నాను,” అంది వయోలా.

“మీరు వెనక బల్లండీ. చలి అక్కడిదాకా రాలేదు.” లీరోయ్ ఏమాత్రం తొణకలేదు. “సరే, అదీ పోనివ్వండి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓ మధ్యాహ్నం నా కోళ్ళన్నీ పచ్చికలో ఓ చోట గుంపుగా కూర్చున్నాయి. చలవకి చలవ తోడైంది. ముందు మంచు పట్టింది, మంచు లేచి మబ్బయింది, మబ్బు ముదిరి ఒకటే వాన! జిల్లా అంతా నేల బీటలు వారి ఏడుస్తుంటే, నేను మోకాల్లోతు నీళ్ళలో గొడుగేసుకుని కోళ్ళకి మేతేశాను!”

“మనిద్దరికీ మధ్య ఉన్నది ఒక్క కంచే కదా లీరోయ్. మరి నా వైపు చుక్క పడలేదేం?”

“అదండీ పెంపకమంటే! నా కోళ్ళు పక్కవాళ్ళ హద్దు తొక్కవు. వాటి మబ్బూ తొక్కదు.”

నవ్వాపుకోబోయి ఎమిల్‌కి పొరబోయింది. వయోలా విసనకర్ర ఆగింది.

“అలాగా! మరి నిన్న మధ్యాహ్నం ఏం పెట్టావు?”

లీరోయ్ ఉత్సాహంలో నిజమే చెప్పేశాడు. “మొక్కజొన్న గింజలండీ! మిట్టమధ్యాహ్నం, నడి వాకిట్లో, చేతినిండా చల్లాను. ముట్టుకోవనుకోండి. మిడతలతో కడుపు నింపుకుంటాయి. అయినా ఎంత నిగనిగలాడుతున్నాయో!”

“ఓరి నీ దుంపతెగ!” ఎమిల్ నెత్తి కొట్టుకున్నాడు. “మా అమ్మమ్మ జనవరి చలిలో కోళ్ళకి ఒళ్ళు వేడెక్కాలని వేసేదిరా మొక్కజొన్న! ఈ ఎండలో వేస్తావా?”

“మిడతలూ కాదు, నీ మొహమూ కాదు,” అంది వయోలా. “ఎండలు ముదిరిన దగ్గర్నుంచీ నీ కోళ్ళన్నీ మా ఇంట్లోనే ఉన్నాయి. తెల్లారుతూనే కంచె దూరి వస్తాయి. నా కోళ్ళకి తడిపిన దాణాలో సగం వీటికే. ఎండెక్కాక చెట్టు కింద చల్లటి పుచ్చతొక్కలు తింటాయి, నా గడ్డిపాకలో గుడ్లు పెడతాయి. పొద్దుగూకాక పడుకోవడానికి మాత్రం నీ ఇంటికి పోతాయి.”

“గుడ్లు... ఎండకి మానేశాయనుకున్నాను,” అని గొణిగాడు లీరోయ్.

“మరి జేబులో వేసుకున్న గుడ్డు ఎక్కడిదిరా?” అన్నాడు ఎమిల్.

లీరోయ్‌కి దక్కబోయే కాఫీ కాస్తా కళ్ళముందే ఒలికిపోయింది. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని దాని అంచు నలుపుతూ కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో అతన్ని అలా చూడని వయోలాకి కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

“నా కోళ్ళకేం, ఎవరో ఒకరు దొరుకుతారు,” అంది కర్ర పట్టుకుని లేస్తూ. “నేను హ్యూస్టన్‌లో మంచమెక్కితే నీ కోళ్ళనెవరు చూస్తారన్నదే నా బెంగ.”

“నేర్పితే నేర్చుకుంటానండీ,” అన్నాడు లీరోయ్. ఆ మధ్యాహ్నమంతా అతను కోతలు కొయ్యకుండా అన్నది ఆ ఒక్క మాటే.

వయోలా మెట్లు దిగబోతూ ఆగింది.

“అయితే రేపు తెల్లారకముందే లేచి, నీ కోళ్ళ వెనకాలే నడిచి రా. దారి వాటికి తెలుసు.”